తిమింగలముల త్రోవ

ఆస్ట్రేలియా తూర్పుతీరమున, బ్రిస్బేను నగరమునకు చేరువను, మోర్టన్ అను ఇసుకదీవి కలదు. మూపురపు తిమింగలములు దక్షిణధ్రువపు చలినీటినుండి, ఈనుటకై వెచ్చని ఉత్తరజలములకు ఏటేట ఈ దీవి ప్రక్కగనే పోవును. ఆ త్రోవ నెరిగియే 1952లో దీవియందలి టాంగలూమవద్ద తిమింగలముల కార్ఖానా పెట్టిరి. పదియేండ్లలో అచ్చట 6,277 మూపురపు తిమింగలములను కోసి నూనె తీసిరి.

1962లో అది మూతపడినది. దయచేత నని శ్రోతలు తలతురేమో, కాదు. పట్టుటకు తిమింగలములే కరవైనవి, నూనెధరయు పడిపోయినది. దక్షిణసముద్రమున సోవియట్ నౌకలు రహస్యముగా చంపినవియు వేలకొలది. ఆ తీరమునకు వచ్చునవి కొన్ని వందలే మిగిలెను. మరుసటియేడు ఆ జాతివేట నిషిద్ధమైనది.

కార్ఖానాస్థలము పిమ్మట విహారస్థలమైనది. నేడు అచ్చటినుండియే పడవలవారు రుసుము గైకొని జనులకు తిమింగలములను చూపుచున్నారు. పడవ నూరు మీటర్లకు లోపల పోరాదు. తిమింగలమే కుతూహలముతో దగ్గరకు వచ్చెనా, మర నాపి ఊరకుండవలెను, లేదా మెల్లగా తొలగవలెను.