ఇరవై ఎనిమిది సెంట్ల దీవి

హెలికాప్టర్ గాలిలో నిలబడి ఊగుతోంది. ఒంటికి బెల్టులు బిగించుకుని, తాడుకు వేలాడుతూ ఫ్రాంక్ హాల్ కిందికి దిగుతున్నాడు. కింద గడ్డకట్టించే సముద్రం. దాని నడుమ మంచు కప్పుకున్న ఒక బండ.

అది 1976. కెనడాలోని లాబ్రడార్ తీరానికి 20 కిలోమీటర్ల దూరం. ఆ బండ ఏ పటంలోనూ లేదు. దాని ఆచూకీ 900 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చింది.

1972 జులై 23న అమెరికా ప్రయోగించిన ల్యాండ్‌శాట్-1 ఉపగ్రహం, 18 రోజులకోసారి ప్రతి చోటునూ చుట్టి వస్తూ నేలను నాలుగు తరహాల కాంతిలో చూసేది. రెండు మన కంటికి తెలిసిన ఆకుపచ్చ, ఎరుపు. మిగతా రెండూ కంటికి ఆనని పరారుణాలు. పరారుణాన్ని నీరు మింగేస్తుంది, రాయి తిప్పికొడుతుంది. అందుకే ఆ చిత్రాల్లో సముద్రం కాటుకలా ఉంటుంది. నేల ఏ కాస్త ఉన్నా తెల్లగా బయటపడుతుంది.

కెనడా సర్వే శాఖలో బెట్టీ ఫ్లెమింగ్ 1973 నాటి చిత్రాలను పటాలతో పోల్చి చూస్తోంది. నల్లటి నీటిలో చుక్కలు. కొన్ని తెలిసిన దీవులే. మరికొన్నిటికి పటంలో చోటే లేదు. దీవులా? తేలే మంచుగడ్డలా?

చిక్కంతా చుక్కతోనే. ఆ చిత్రాల్లో ఒక్కో చుక్క దాదాపు 80 మీటర్ల చదరం, అంటే ఎకరన్నర పైమాటే. అంతకన్నా చిన్న బండ విడిగా కనపడదు. చుట్టూ ఉన్న నీటితో కలిసిపోయి, ఆ చుక్క నలుపు కాస్త వెలిసినట్టుంటుంది, అంతే. అదేమిటో తేల్చాలంటే మనిషి వెళ్లాల్సిందే. జలసర్వే శాఖ నుంచి హాల్ బయల్దేరింది అందుకే.

ఇంకాస్త దిగితే పాదం ఆనుతుంది. ఉన్నట్టుండి మంచు కదిలింది. పంజా విసిరింది!

బండ మీద అన్నిటికన్నా ఎత్తైన చోట ధ్రువపు ఎలుగుబంటి. తెలుపులో తెలుపుగా కలిసిపోయిన దాన్ని హాల్ చూసుకోలేదు. తాడు పట్టి గుంజాడు. పైవాళ్లు చప్పున లాగేశారు. ఆ దీవి మీద ప్రాణం వదిలిన మొదటి మనిషిని అయ్యేవాణ్ణని తర్వాత చెప్పుకున్నాడు. 2001లో ఎంపీ స్కాట్ రీడ్ కెనడా పార్లమెంటులో ఈ ముచ్చటే వినిపించాడు.

దీవి కొలతలు 25 మీటర్లు, 45 మీటర్లు. మన లెక్కలో 28 సెంట్లు. కనిపెట్టిన ఉపగ్రహం పేరిట దాన్ని ల్యాండ్‌శాట్ దీవి అన్నారు.

ఎలుగుబంటికి మాత్రం ఆ చోటు ముందే తెలుసు.