కూచిపూడి – ఊరు, మాన్యం, మాట

పామర్రు నుండి చల్లపల్లి పోవు దారిలో, వరిచేల నడుమ కూచిపూడి ఉన్నది. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని చిన్న గ్రామం. క్షేత్రయ్య పుట్టిన ఊరని చెప్పుకొనే మొవ్వ దీనికి పొరుగూరే. నాట్యాన్ని గూర్చి వ్రాసినవారు అనేకులు. ఊరిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

కుశీలవపురమే కూచిపూడి అయినదని కొందరు పెద్దల వ్యుత్పత్తి. కుశీలవులంటే నటులు, గాయకులు. వినుటకు సొంపుగానే ఉన్నది కాని నాకు నమ్మకం కుదరదు. 'పూడి' మన డెల్టా ఊళ్ల పేర్ల చివర తరచుగా వినిపించే మాట. రేపల్లె దగ్గర కూచినపూడి ఉన్నది. కృష్ణకు ఆవలిగట్టున అమృతలూరు దగ్గర మరొక కూచిపూడే ఉన్నది. అక్కడ కుశీలవులు ఉండిరని ఎవరూ అనరు గదా!

భాగవతుల ప్రస్తావన మాచుపల్లె కైఫీయతులో ఉన్నది. సిద్ధవటం సీమనేలిన సమ్మెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను సైతం హింసించేవాడట. దారిన పోతూ ఆ దుర్మార్గం చూచిన కూచిపూడి భాగవతులు విజయనగరం చేరి, వీరనరసింహరాయల యెదుట దానినే కేళికగా ఆడి చూపారు. రాయలు సంగతి గ్రహించి గురవరాజును శిక్షించాడు. పండితులు దీనిని 1502 ప్రాంతపు విషయంగా లెక్కిస్తారు. కైఫీయతులు చాలాకాలం తరువాత మెకంజీ దొర పూనికతో సేకరించినవి గనుక ప్రతి అక్షరం చరిత్ర అనలేము. అయినా ఆ మేళం దేవుని కథలే గాక ప్రజల గోడునూ ఆడగలదని జనం నమ్మినట్లు దీనివలన తెలుస్తున్నది. నాకు అది చాలు.

సిద్ధేంద్రయోగిది 17వ శతాబ్ది అని పలువురి మతం. ఆయన భామాకలాపం కూర్చి, ఈ ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకొన్నాడని ప్రతీతి. ఆ మాటకు మాన్యం తోడైనది. గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా (1672–1687) వీరి ఆట చూచి మెచ్చి అగ్రహారం ఇచ్చాడంటారు. 1763 నాటి పంపకపు పత్రం భాగవతుల కుటుంబాల వాటాలను తేల్చినది. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి – ఈ ఇంటిపేర్లు నేడు రసికులందరికీ తెలిసినవే.

నా అభిప్రాయం ఒకటి. మాట, మాన్యం కలిసి విద్యను ఊరిలో నిలబెట్టాయి. అవే దానికి ప్రహరీ కూడా అయినాయి. ఇంటి ఆడపడుచు ఆ పదాలన్నీ వింటూ పెరిగినా గజ్జె కట్టరాదు. ఆమె హావభావాలను అన్నదమ్ములే అభినయించాలి! తెరపైనుండి జడ వేసి సవాలు విసిరే సత్యభామను సృష్టించిన ఊరిలో ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఆ గోడకు గండి కొట్టినవారిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ముఖ్యులు. ఆయన స్త్రీలకు విద్య చెప్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఎందరో అమ్మాయిలను తీర్చిదిద్దారు. ఊరిలో బందా కనకలింగేశ్వరరావు గారి పూనికతో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలసింది. మరొకవంక వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా రంగమెక్కితే పురుషుడని చెప్పినా ప్రేక్షకులు నమ్మేవారు కారు.

పాత సంప్రదాయానికి కడపటి వెలుగు శర్మ గారు. దానిని గ్రామం పొలిమేర దాటించినవారు చినసత్యం గారు. ఇద్దరూ ఆ ఊరివారే. 2012లో, నాలుగు నెలల ఎడంలో ఇద్దరూ వెళ్లిపోయారు.