సిలువ వేయబడినవానికి సమాధి దొరికేదా? ఒక మడిమ ఎముక సాక్ష్యం

అరిమతయియ యోసేపు పిలాతు దగ్గరకు వెళ్లి యేసు దేహాన్ని అడిగి తీసుకొని సమాధి చేశాడని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. 1990వ దశకంలో జాన్ డొమినిక్ క్రాసన్ వంటి పండితులు ఈ వృత్తాంతాన్ని గట్టిగా ప్రశ్నించారు. రోమీయులు సిలువ వేసినవారి దేహాలను సాధారణంగా కుక్కలకూ పక్షులకూ వదిలేసేవారు గనుక యేసుకు సమాధి దొరికి ఉండదన్నది వారి వాదన. ఇది తేలికగా కొట్టివేయదగిన వాదన కాదు. కాబట్టి ఆ కాలపు యూదుల భూస్థాపన ఆచారాలను పరిశీలించి, చరిత్ర మనకు ఏమి చెబుతున్నదో చూద్దాం.

యూదులు మృతుని సాధారణంగా మరణించిన రోజుననే సమాధి చేసేవారు. దేహాన్ని కడిగి, నార బట్టలు చుట్టి, సుగంధ ద్రవ్యాలు ఉపయోగించేవారు. బీదలకు నేలలో తవ్విన గొయ్యే సమాధి. స్తోమత గల యెరూషలేము కుటుంబాలు మాత్రం రాతిలో గదులు తొలిపించుకునేవి. ఆ గది గోడలలో మనిషి పట్టేటంత లోతైన గూళ్లు ఉండేవి. వీటిని హెబ్రీలో కోఖీమ్ అంటారు. సుమారు ఒక సంవత్సరం గడిచి మాంసం కృశించిన తరువాత, కుటుంబీకులు ఎముకలను ఏరి సున్నపురాతి పెట్టెలో భద్రపరచేవారు. తొడ ఎముక పట్టేటంత పొడవు ఉంటే ఆ పెట్టెకు చాలు. ఈ అస్థిపేటికల వాడుక యెరూషలేములో సుమారు క్రీ.పూ. 20 నుండి క్రీ.శ. 70లో నగరం నాశనమయ్యేవరకు విస్తారంగా కనిపిస్తుంది. యేసు జీవితకాలం సరిగ్గా ఈ మధ్యలోనిదే.

మరి మరణశిక్ష పొందినవాని సంగతి ఏమిటి? మ్రానుమీద వ్రేలాడదీసిన శవాన్ని రాత్రి నిలువ ఉంచక ఆ రోజే పాతిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 21:22-23 ఆజ్ఞాపిస్తున్నది. ఇక్కడ మనం గమనించవలసినది, ఈ ఆజ్ఞ నేరస్థుని గురించినదే. సిలువ వేయబడినవారిని సైతం యూదులు సూర్యాస్తమయానికి ముందే దింపి పాతిపెట్టేవారని మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫసు వ్రాశాడు. సుమారు క్రీ.శ. 200లో సంకలనమైన మిష్నా ప్రకారం, న్యాయసభ తీర్పు వలన చంపబడినవారిని వేరే స్థలంలో పాతిపెట్టి, మాంసం కృశించాక ఎముకలను వారి స్వస్థలానికి చేర్చేవారు. శిక్ష మనిషిని తన పితరుల నుండి శాశ్వతంగా వేరుచేయలేదన్నమాట.

గ్రంథాలు చెప్పినది ఆచరణలో జరిగిందా? 1968లో యెరూషలేము ఈశాన్యాన గివ్‌అత్ హమివ్‌తార్ అనే చోట వసిలియోస్ త్సఫేరిస్ జరిపిన త్రవ్వకాలలో దీనికి జవాబు దొరికింది. ఒక కుటుంబ సమాధిలోని అస్థిపేటికపై యెహోహానాన్ అనే పేరు చెక్కి ఉన్నది. లోపల ఇరవై అయిదేళ్ల ప్రాయపు మనిషి ఎముకలు, వాటిలో కుడి మడిమ ఎముకకు ఇనుప మేకు ఇంకా దిగి ఉన్నది. మేకు కొన వంగిపోయినందువల్ల దాన్ని ఊడదీయడం సాధ్యం కాలేదని తలుస్తారు. మొదట రెండు మడమలనూ ఒకే మేకుతో కొట్టారనుకున్నారు. అయితే 1985లో జో జియాస్, ఎలియేజర్ సెకెలెస్ తిరిగి పరీక్షించి, మేకు 11.5 సెంటీమీటర్లేననీ, అది కుడి మడమకే దిగినదనీ తేల్చారు. ఇలా సవరణ జరిగినా ముఖ్య విషయం మారలేదు. రోమీయులు సిలువ వేసిన ఒక యూదుని దేహం అతని కుటుంబానికి చేరింది. వారు అతని ఎముకలను ఏరి, పేరు వ్రాసి, తమవారి మధ్య ఉంచారు.

అయితే ఈ సాక్ష్యాన్ని మనం దాని హద్దు దాటించకూడదు. వందలాది అస్థిపేటికలలో ఇటువంటిది ఇది ఒక్కటే. మేకులు సాధారణంగా తీసివేసేవారు, కొందరిని త్రాళ్లతో కట్టేవారు, బీదల ఎముకలు పేటికలకే చేరేవి కావు. అందుచేత ఆనవాళ్లు అరుదు కావడం సహజమే. మరోవైపు, క్రీ.శ. 70 ముట్టడిలో రోజుకు 500 మందిని, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువమందిని, సిలువ వేశారని ఆ జోసీఫసే చెబుతున్నాడు. అటువంటి యుద్ధకాలంలో సమాధిని ఎవరు అడగగలరు? కాబట్టి దేహం దొరకడం అధికారి అనుమతి మీదా, అడిగే మనిషి మీదా ఆధారపడేది.

ఈ మడిమ ఎముక యేసు సమాధిని నిరూపించదు. కాని సిలువ వేయబడినవానికి సమాధి అసాధ్యమన్న మాటకు అది అడ్డుగా నిలుస్తుంది. సువార్తలలో యోసేపు ధైర్యం తెచ్చుకొని పిలాతు ఎదుటికి వెళ్లడం, ప్రొద్దు గ్రుంకకముందే తొందరపడడం ఆ కాలపు ఆచారానికి సరిగ్గా సరిపోతున్నవి. యెహోహానాన్ కోసం కూడా ఎవరో ఒకరు అలాగే వెళ్లి అడిగి ఉండాలి. వారి పేరు మనకు చేరలేదు. వారు చేసిన పని మాత్రం ఆ రాతిపెట్టెలో నిలిచి ఉన్నది.