మన గుండె కోడ్‌లో పోయిన 25 అక్షరాలు

ఈరోజు టాపిక్ గుండె. కానీ డాక్టర్ యాంగిల్‌లో కాదు, హిస్టరీ యాంగిల్‌లో.

"మాకు గుండె జబ్బు వంశంలోనే ఉంది" అనే మాట ఆదిలాబాద్‌లో, కరీంనగర్‌లో చాలా ఇళ్లల్లో వింటాం. వంశం అంటే ఎంత దూరం? తాత దాకానా, ముత్తాత దాకానా? ఇంకా చాలా వెనక్కి పోవాలి. పోదాం పదండి.

2009లో హైదరాబాద్ సీసీఎంబీ సైంటిస్టులు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ టీమ్‌తో కలిసి ఒక పేపర్ వేశారు. 25 సముదాయాల నుంచి 132 మంది డీఎన్ఏ చూశారు. తేలింది ఏంటంటే, మన దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాభాల మిక్స్. ఒకటి ఉత్తరాది పూర్వీకులు, ఇంకొకటి దక్షిణాది పూర్వీకులు. పాళ్లు మారతాయి కానీ, ఏదో ఒక్కటే ఉన్నవాళ్లు దాదాపు లేరు.

ఈ కలయిక ఎప్పుడు జరిగింది? 2013లో వచ్చిన పేపర్ ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కింద. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఎవరి కులంలో వాళ్లే పెళ్లి అనే పద్ధతి గట్టిపడింది. 1,900 ఏళ్ల కింద అంటే శాతవాహనుల కాలం. గోదావరి ఒడ్డున మన కోటిలింగాలలో దొరికిన నాణేల్లో ఆ వంశానివీ ఉన్నాయి. అంటే ఆ రాజుల కాలం దాకా కూడా ఇక్కడి జనం ఒకరిలో ఒకరు కలుస్తూనే ఉన్నారన్నమాట.

ఆదిలాబాద్ గోండులనే చూడండి. గోండి భాష తెలుగులాగే ద్రావిడ భాష. కానీ 2017లో గోండుల డీఎన్ఏ మీద వచ్చిన స్టడీలో ముండా భాషలు మాట్లాడే తెగలతో గట్టి చుట్టరికం కనిపించింది. భాష ఒక దారిలో వచ్చింది, రక్తం ఇంకో దారిలో కూడా వచ్చింది.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. అదే 2009లో సీసీఎంబీ పాలుపంచుకున్న ఇంకో పేపర్ వచ్చింది. గుండె కండరానికి ప్రొటీన్ తయారుచేసే ఎంవైబీపీసీ3 అనే జీన్‌లో కొంతమందికి 25 అక్షరాలు డిలీట్ అయి ఉన్నాయి. దక్షిణాసియాలో నూటికి సుమారు నలుగురికి ఇది ఉంది. 50 మంది ఎక్కిన ఆర్టీసీ బస్సులో ఇద్దరు అనుకోండి. ఆ పేపర్ ప్రకారం, వీళ్లకు వయసు మీద పడ్డాక గుండె కండరం బలహీనపడే ప్రమాదం ఎక్కువ.

ఈ డిలీట్ వయసు సుమారు 33 వేల ఏళ్లని అంచనా. అంటే కులం కన్నా, తెలుగు కన్నా, వ్యవసాయం కన్నా పాతది. జనం కలిసిన కొద్దీ ఇదీ దేశంలో చాలా చోట్లకు పాకింది. అందుకే కులం, భాష తేడా లేకుండా కనిపిస్తుంది. మరి ఇన్ని వేల ఏళ్లలో ఎందుకు పోలేదు? ఎక్కువగా నడివయసు దాటాకే బయటపడుతుంది. అప్పటికే పిల్లలు పుట్టేస్తారు, బగ్ తర్వాతి వెర్షన్‌లోకి కాపీ అయిపోతుంది.

తలుపులు మూసుకున్నాక ఇంకో సమస్య మొదలైంది. 2017లో 263 సముదాయాలను చూస్తే, 81 సముదాయాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగాయని తేలింది. అలాంటి చోట ఒకే లోపం అమ్మ వైపు నుంచీ, నాన్న వైపు నుంచీ వచ్చే చాన్స్ ఎక్కువ. మేనరికాలతో అది ఇంకా పెరుగుతుంది. కలవడం వల్ల వచ్చిన రిస్క్ అందరికీ పంచబడింది. కలవకపోవడం వల్ల వచ్చిన రిస్క్ ఒక్కో గుంపులో పేరుకుపోయింది.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ డిలీట్ గుండె కండరానికి సంబంధించింది. మనం మామూలుగా హార్ట్ ఎటాక్ అనేది రక్తనాళం మూసుకుపోవడం. అది వేరే కథ. అందులో ఒక్క జీన్ కాదు, వందల జీన్లు తలా కొంచెం పాత్ర పోషిస్తాయి. ఇంకోటి, ఆన్‌లైన్‌లో దొరికే జీన్ రిస్క్ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల డేటాతో తయారైనవి. మన మిక్స్‌కు అవి అంత కరెక్ట్‌గా సరిపోవు.

మరి అంతా తలరాతేనా? కాదు. 2004లో 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీలో మొదటిసారి వచ్చే హార్ట్ ఎటాక్ రిస్క్‌లో సుమారు 90 శాతం తొమ్మిది విషయాలతోనే ముడిపడి ఉందని తేలింది. పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట, ఒత్తిడి, తిండి, వ్యాయామం, మందు. వీటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి: మన ఇంట్లో ఎవరికి గుండె జబ్బు వచ్చింది? ఏ వయసులో వచ్చింది? అమ్మ వైపు, నాన్న వైపు రెండూ రాసుకోండి. చిన్న వయసులోనే ఎవరైనా పోయి ఉంటే, ఆ కాగితం పట్టుకుని డాక్టర్‌ను కలవండి. 33 వేల ఏళ్ల హిస్టరీని మనం మార్చలేం, కానీ చదువుకోగలం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.