చెట్టు క్రింది చదువు

చిన్నపిల్లలకు ఆరుబయట, చెట్ల నడుమ, చెరువుల చెంత చదువు చెప్పవలెనను మాట ఇప్పుడు పలుతావుల వినవచ్చుచున్నది. ఇది పాశ్చాత్యుల క్రొత్త పోకడ యని కొందరందురు. మన వీధిబడులలో నెన్నడో యున్నదే యని మరికొందరు గర్వింతురు. చరిత్రను కొంచెము తడవి చూచినచో ఈ రెండు మాటలును నిలువజాలవు.

మన వీధిబడినే ముందు చూతము. తెలుగునకు వ్యాకరణము వ్రాసిన క్యాంబెలు దొర 1823లో బళ్లారి జిల్లా కలెక్టరుగా నుండి, తన జిల్లాలోని 533 బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. పిల్లవాడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట అందు వర్ణింపబడినది. ఇంతవరకు మనకు సంతోషమే. కాని అర్థ మెరుగని పద్యములను పిల్లలు వల్లెవేయుచుండిరని ఆ నివేదికయే వాపోవుచున్నది. బడి అరుగుమీద సాగినను ఎదుటి చింతచెట్టు పాఠములోనికి రాలేదు. పంతులుగారికి బరికెల నందించుటకు మాత్ర మక్కరకు వచ్చెను గాబోలు!

ఐరోపాలో కథ వేరు. అచ్చట బడిని అడవికి పంపినది ప్రకృతిప్రేమ కాదు, క్షయభయము. 1904లో బెర్లిను చెంతనున్న షార్లాటెన్‌బర్గు పట్టణమువారు గ్రూనెవాల్డు అడవిలో దుర్బలులగు పిల్లల కొక బడి నేర్పరచిరి. బెండిక్సు అను వైద్యుడును, నాయ్‌ఫెర్టు అను పాఠశాలా తనిఖీదారును దానికి మూలపురుషులు. పిల్లలు ఉదయమే వచ్చి, అచ్చటనే భుజించి, మధ్యాహ్నము కొంతసేపు పరుండి, నడుమ చిన్న చిన్న పాఠములు చదివి, సాయంకాలమునకు ఇండ్లు చేరుచుండిరి. 1907లో లండనువారు బోస్టల్ వనమున ఇట్టిదే నెలకొల్పిరి. 1908లో అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున పిల్లలు చలికాలమందు సైతము కిటికీలు తెరచిన గదిలో, ఉన్నిసంచులలో దూరి కూర్చుండి చదివిరి. 1922లో పారిసునందు ఈ బడులకై అంతర్జాతీయ మహాసభయే జరిగెను.

అయితే ఈ బడులలో గాలియు నెండయు మందులు. పిల్లలను తూచి, బరువు పెరిగినదా లేదా యని చూచుచుండిరి. మందునకు రోగి కావలెను గదా! ఆరోగ్యముగల పిల్లవాడు గోడల నడుమనే మిగిలెను. ఈ వైపరీత్యమును గుర్తించియే కాబోలు, 1930లో ఆమ్‌స్టర్‌డామునందు డైకరు అను శిల్పి ఆరోగ్యవంతులగు బిడ్డల కొరకే ఆరుబయలు తరగతులుగల పాఠశాలను నిర్మించెను. అట్టివి అరుదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడి క్షయకు మందు దొరకిన పిదప బయటి బడులనేకములు మూతపడెను, లేదా సామాన్యపు బడులయ్యెను. వ్యాధి తొలగుట మేలే. దానితోపాటు పిల్లవాని యెండయు తొలగవలసిన పనియేమి?

వంగదేశమున రవీంద్రనాథ ఠాకూరు 1901 డిసెంబరులో కొలదిమంది పిల్లలతో శాంతినికేతనమున బడి పెట్టినపుడు చెట్టును మందుగా నెంచలేదు. తోడి యధ్యాపకునిగా నెంచెను. జగదానంద రాయి రాత్రివేళ పిల్లలకు నక్షత్రములను చూపి పాఠము చెప్పుచుండెను. 1928లో వృక్షారోపణము అచ్చటి వానకాలపు పండుగయయ్యెను. ఆ బడిలో చెట్ల క్రింది తరగతులు నేటికిని సాగుచున్నవి.

అది మహాకవి పెట్టిన బడి. సామాన్యపు పల్లెబడి మాటయేమి యని చదువరు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పిల్లలను చెరువుగట్టునకు తీసికొనిపోయిన పంతులును, చదువు మానిపించి షికారు త్రిప్పుచున్నాడని తండ్రులు నిందింతురు. వారిని మేము తప్పుపట్టజాలము. పరీక్షలో చెరువును గూర్చి ఎవరును అడుగరు. తనిఖీకి వచ్చిన యధికారి పుస్తకము మూయించి, క్రిందటి నెలకంటె చెరువులో నీరెంత తగ్గినది, గట్టుమీది తుమ్మకు గిజిగాడు ఎన్ని గూళ్ళు కట్టినది అని అడిగిననాడు, ఆ తండ్రియే కుమారుని చేయి పట్టుకొని గట్టునకు నడచును.