రాజు దయ కాదు, బడ్జెట్ పద్దు: మన స్కాలర్‌షిప్ చరిత్ర



పోయిన నెల పట్టిసీమ రేవులో, వీరభద్రస్వామి గుడికెళ్లే పడవల దగ్గర ఒక తల్లి నన్ను ఆపింది. కూతురు డిగ్రీ పాసైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. "పీజీ సీటు పోద్దేమో బాబూ. ఆళ్ల కాళ్లు పట్టుకుంటే ఇత్తారంటావా?" అంది.

కాళ్లెందుకు పట్టుకోవాలమ్మా, అన్నాను. ఆ మాట వెనక వందేళ్ల కథ ఉంది.

1913లో బాబాసాహెబ్ అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. బదులుగా పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చారు. అక్కడి నుంచి లండన్ చేరి చదువుతుండగా 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో వదిలి తిరిగొచ్చారు. బరోడాలో కొలువైతే ఇచ్చారు గానీ, ఉండటానికి ఆ ఊళ్లో ఆయనకు గది దొరకలేదు. లండన్ చదువు మళ్లీ అందుకోవడానికి 1920 దాకా ఆగాల్సి వచ్చింది. సాయం మధ్యలో ఆగితే ఏమవుతుందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

ఆ రోజుల్లో మన గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1920 ప్రాంతం నుంచి అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్ మన పిల్లల బళ్లు, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు చూసేది. అయినా కాలేజీ గడప తొక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

1942లో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడయ్యారు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద వైస్రాయ్‌కి వినతిపత్రం ఇచ్చారు. బెనారస్, అలీగఢ్ యూనివర్సిటీలకు చెరో మూడు లక్షలు ఇస్తున్న ప్రభుత్వం మా పిల్లల పై చదువులకు ఏమిస్తోందని లెక్క అడిగారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. రాజు దయగా ఉన్నది బడ్జెట్‌లో పద్దుగా మారింది. దయకు దండం పెట్టాలి. పద్దుకు లెక్క అడగాలి. తేడా అదే.

పద్దు ఉన్నంత మాత్రాన డబ్బు చేతికి రాదు. డెల్టా మనుషులం, మనకు ఒకరు చెప్పక్కర్లేదు: కాలవ మొదట్లో నీళ్లున్నా శివారు చేను ఎండుతుంది. పాత పద్ధతిలో ప్రణాళిక ముగిసేనాటికి ఎంత ఖర్చవుతుందో అంతా రాష్ట్రం నెత్తిన పడేది. దానికి మించినదే కేంద్రం ఇచ్చేది. 2017లో పన్నెండో ప్రణాళిక ముగిశాక చాలా రాష్ట్రాల్లో ఈ పథకం కుంటుపడింది. ఊరూరా పోరాడాక 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ పద్ధతి మార్చింది. ఐదేళ్లకు 59,048 కోట్లు, అందులో కేంద్రం వాటా 60 శాతం. అయితే రాష్ట్రం తన 40 శాతం విడుదల చేశాకే కేంద్రం వాటా కదులుతుంది. ఒక చోట ఆలస్యమైతే రెండూ ఆలస్యమే.

ఈలోగా బాకీ ప్రభుత్వానిది, తాకట్టు మన పిల్లది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపుంటే ఇది మీ హక్కు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కాలేజీ తెరవకముందే తీసి పెట్టుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో చూసుకోండి. హాజరు 75 శాతం తగ్గనివ్వకండి. విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇవ్వమంటే నోటిమాటతో తిరిగి రాకండి. అర్జీ రాసి, ఒక కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. రెండో అర్జీ జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వండి. ఒంటరిగా కాదు, పదిమంది కలిసి వెళ్లండి.

ఆ రోజు రేవు గట్టు మీదే కూర్చుని ఆ అమ్మాయి చేతే అర్జీ రాయించాను. "దయచేసి ఇప్పించగలరు" అని మొదలుపెట్టింది. దయచేసి అన్న మాట కొట్టేయించాను.

జై భీమ్.