కొండ మీద కుర్రాళ్ల క్యాంపులు

షాంటిలీ, ఆ చుట్టుపక్కల ఉండే అన్నలూ తమ్ముళ్లూ, సెలవు దొరికితే మనమంతా స్కైలైన్ డ్రైవ్ ఎక్కి స్కైలాండ్ రిసార్టు దాకా వెళ్తాం. దారి పక్కన రాతి గోడల మీద కూర్చుని ఫోటోలు దిగుతాం. ఆ పని చేసినవాళ్లు కూడా మనలాగే పదిమందిలో పడుకుని లేచినవాళ్లే.

1933లో అమెరికాలో పనుల్లేక జనం అల్లాడుతుంటే, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సీసీసీ అనే పథకం పెట్టింది. 18 నుంచి 25 ఏళ్ల కుర్రాళ్లని తీసుకున్నారు. ఆ మే నెలలోనే స్కైలాండ్, బిగ్ మెడోస్ దగ్గర క్యాంపులు లేచాయి. క్యాంపుకి సుమారు 200 మంది. ముందు గుడారాలు, తర్వాత చెక్క షెడ్లు. వరస మంచాలు, అందరికీ ఒకటే వంట. జీతం నెలకి 30 డాలర్లు. అందులో 25 దాకా నేరుగా ఇంటికే పోయేది. చదువు రానివాళ్లకి సాయంత్రం పాఠాలు చెప్పేవాళ్లు.

రోడ్డు వేసింది కాంట్రాక్టర్లు. పక్క గోడలు, వాలు సరిచేయడం, చెట్లు నాటడం ఈ కుర్రాళ్ల పని. సైటు పని చేసే మాకు ఆ రాళ్ల కూర్పు చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో సంగతీ ఉంది. పార్కు కోసం కొండల్లో వందల కుటుంబాలని ఖాళీ చేయించారు. వాళ్ల ఇళ్లు కొన్ని ఈ కుర్రాళ్ల చేతే పీకించారు. కూటి కోసం వచ్చినోడి చేతే ఇంకొకడి గూడు తీయించడం అప్పుడూ ఉంది.

అద్దె పంచుకుని, వంటకి వంతులేసుకుని ఇంటికి డబ్బు పంపడం నామోషీ అనుకునే తమ్ముళ్లు మా రూముల్లో ఉన్నారు. నామోషీ ఏం లేదు. బిగ్ మెడోస్‌లో సీసీసీ కుర్రాడి విగ్రహం ఉంది, ఈసారి చూసి రండి.